థాంక్స్‌గివింగ్ వారంలో కొలరాడో: గన్‌లతో చేసే స్నోను నమ్ముకుని వెళ్లొచ్చా?

ఖమ్మం_కోడలు:

అందరికీ నమస్తే. మేం డల్లాస్ పక్కన ప్లానోలో ఉంటాం. నవంబర్ చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ వారానికి కొలరాడోలో కీస్టోన్ అనే స్కీ కొండ దగ్గర ఒక కాండో (ఫ్లాట్) ఆగస్టులోనే బుక్ చేసేశాం. మా అత్తమ్మ, మామయ్య ఖమ్మం నుంచి వచ్చి ఉన్నారు, డిసెంబర్ మొదట్లో తిరిగి వెళ్లిపోతారు. స్నోను చేత్తో పట్టుకుని చూడాలని అత్తమ్మ వచ్చిన రోజు నుంచీ అంటున్నారు. పిల్లలిద్దరికి (తొమ్మిదేళ్లు, ఆరేళ్లు) స్కీయింగ్ క్లాసులు ఇప్పిద్దామని అనుకున్నాం.

వారం రోజులుగా పొద్దున్నే కాఫీ తాగుతూ కొండ మీది కెమెరా చూస్తున్నాను. కొండంతా ఎండు గడ్డి రంగే. మధ్యలో ఒక్క చార మాత్రం తెల్లగా, ఎవరో సున్నం పోసుకుంటూ వెళ్లినట్టుంది. ఫోన్‌లో పగలు 45 డిగ్రీల ఫారెన్‌హీట్ (సుమారు 7 సెల్సియస్), రాత్రి 27 (సుమారు మైనస్ 3 సెల్సియస్) చూపిస్తోంది. డెన్వర్‌లో ఉన్న మా పిన్ని కూతురేమో "ఇక్కడ మొన్న ఆరంగుళాలు పడింది, కొండ మీద ఇంకెంత పడి ఉంటుందో, భయం లేకుండా రా" అంటోంది. కెమెరా చూస్తే నాకు అలా అనిపించట్లేదు.

పగలు అంత వేడిగా ఉంటే, నీళ్లు చిమ్మి స్నో తయారుచేసే ఆ గన్‌లు (మెషిన్లు) స్నో ఎలా చేస్తున్నాయి? ఆ స్నో మీద చిన్నపిల్లలు నేర్చుకోవచ్చా? నవంబర్ 6 లోపు రద్దు చేసుకుంటే డబ్బులన్నీ వెనక్కి వస్తాయి, ఆ తర్వాత సగమే. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.


లేక్‌వుడ్_రాజు:

నేనైతే రద్దు చేసుకుంటానండీ. మూడేళ్ల క్రితం అదే వారంలో మేమూ వెళ్లాం (ఏ కొండో చెప్పను). పై నుంచి కిందికి ఒక్కటే దారి తెరిచి ఉంది, జనమంతా దాని మీదే. పొద్దున తొమ్మిదింటికి గచ్చులా గట్టిగా ఉంది. మా అమ్మాయిని వెనక నుంచి ఎవరో గుద్దేసి ఆగకుండా వెళ్లిపోయారు, మణికట్టు బెణికింది. ఆ చిన్న చెయ్యి కట్టుతో కళ్లముందు ఇంకా కదులుతుంది. పిల్లలకైతే జనవరి చివర రండి.


బోరుబావి:

రాజుగారూ, పాపకు అలా జరిగినందుకు బాధగా ఉంది. మీరన్న రద్దీ నిజమే, దాని సంగతి కిందకు వస్తా.

అక్కా, మీరు చూస్తున్న ఆ తెల్ల చార నా పనికి సంబంధించింది, కాబట్టి పెద్దగానే రాస్తున్నా. మాది అనంతపురం జిల్లా. మా నాయన వేరుశెనగ చేనికి స్ప్రింక్లర్లు పెట్టినప్పుడు ఆ పైపులు మోసిన చేతులు ఇవి. ఇప్పుడు ఇక్కడ పంపుహౌసులకు కంట్రోల్ ప్యానెళ్లు బిగించే పనిలో ఉన్నా. ఇది పన్నెండో ఏడు. అక్టోబర్ వచ్చిందంటే ఏదో ఒక స్కీ కొండ కింద, పంపుల రొదలో నా రాత్రిళ్లు గడుస్తాయి.

ఫోన్‌లో మీరు చూస్తున్న టెంపరేచర్‌ను బట్టి గన్‌లు నడిపేవాళ్లు ఏదీ తేల్చుకోరు. వాళ్లు చూసేది వెట్ బల్బ్. థర్మామీటర్ బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలికి పెడితే ఎంత చూపిస్తుందో అది. మన కూలర్‌ను గుర్తు తెచ్చుకోండి. మే నెలలో అనంతపురంలో కూలర్ వేసుకుంటే తెల్లారేసరికి దుప్పటి కప్పుకోవాలి. అదే కూలర్ మచిలీపట్నంలో వేస్తే ఉక్క ఇంకా ఎక్కువవుతుంది. గాలి పొడిగా ఉన్నచోట నీళ్లు గబగబా ఆవిరవుతాయి, ఆవిరయ్యే ప్రతి చుక్కా మిగిలిన నీళ్లలోని వేడిని పట్టుకుపోతుంది. కొత్త కుండలో నీళ్లు చల్లగా ఉండేదీ ఇందుకే. స్నో గన్ కూడా ఇదే పని చేస్తుంది. నీళ్లను సన్నటి తుంపర చేసి పైకి ఎగరేస్తుంది. నేలను తాకేలోపు అందులో కొంచెం ఆవిరై పోవాలి, మిగిలింది గడ్డకట్టాలి. ఆ కొన్ని క్షణాల్లో అయితే అయినట్టు, లేకపోతే కొండ మీద చల్లటి వాన కురిపించినట్టే.

వెట్ బల్బ్ 28 ఫారెన్‌హీట్‌కు, అంటే సుమారు మైనస్ 2 సెల్సియస్‌కు దిగితే పని మొదలుపెట్టొచ్చు. అప్పుడు వచ్చేది తడి స్నో, నీళ్లు కొంచెం కొంచెంగానే వదలాలి. 20కి దిగిన రాత్రి మాత్రం పంపులన్నీ తిరుగుతాయి. కొలరాడోకు కలిసొచ్చేది ఈ పొడి గాలే. థర్మామీటర్ 34 చూపిస్తున్నా, గాలిలో తేమ 20 శాతమే ఉంటే అంత ఎత్తులో వెట్ బల్బ్ 25 కంటే కిందే ఉంటుంది. నీళ్లు గడ్డకట్టేది 32 దగ్గర కదా, దానికంటే వెచ్చగా ఉన్న గాలిలో స్నో తయారవడం నా కళ్లతో చూశా. మొదటి ఏడు అది చూసి ప్యానెల్‌లో సెన్సర్ పోయిందనుకుని రెండుసార్లు మార్చా.

మీరే లెక్క కట్టుకోవచ్చు. నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌లో గంటల వారీ గ్రాఫ్ ఉంటుంది. అందులో టెంపరేచర్, డ్యూ పాయింట్ (గాలి ఎంత చల్లబడితే అందులోని తేమ చుక్కలుగా మారుతుందో ఆ డిగ్రీ) రెండూ చూడండి. రెండింటి మధ్య తేడాలో మూడో వంతును టెంపరేచర్ నుంచి తీసేస్తే వచ్చేది సుమారుగా వెట్ బల్బ్. మీరు చెప్పిన 27 డిగ్రీల రాత్రి డ్యూ పాయింట్ 6 ఉందనుకుందాం. తేడా 21, మూడో వంతు 7, వెట్ బల్బ్ 20. పంపులన్నీ తిప్పే రాత్రి అది. పగటి 45ను చూసి దిగులు పడకండి, నవంబర్‌లో ఎండ తక్కువసేపు, పైగా ఉత్తరం వైపు వాలుకు అది సరిగ్గా తగలదు.

మీ చెల్లెలు చెప్పిన ఆరంగుళాల సంగతి. డెన్వర్‌కు పెద్ద స్నో ఎక్కువగా తూర్పు గాలి వచ్చి తేమను కొండల తూర్పు ముఖం మీదికి తోసినప్పుడు పడుతుంది. కీస్టోన్ ఉన్నది కొండలకు ఆవతలి వైపు, అక్కడికి స్నో పడమర నుంచి, వాయవ్యం నుంచి వచ్చే గాలులతో రావాలి. డెన్వర్‌లో కార్లన్నీ తెల్లగా అయిన రోజున ఆవతల ఎండు గడ్డి మీద ఎండ కాయడం నేను చాలాసార్లు చూశా. మీరు కెమెరానే నమ్మారు, మంచి పని చేశారు.

ఒక్క చారే ఎందుకంటే, నీళ్ల వల్ల. మెషిన్ స్నో బరువు ఎక్కువ, ఘనపు మీటరుకు 400 నుంచి 500 కిలోలు. ఇక్కడ ఆకాశం నుంచి కొత్తగా పడిన స్నో చాలాసార్లు 100 కిలోలు కూడా తూగదు. ఒక ఎకరం మీద అడుగు మందం పరచాలంటే దాదాపు ఐదున్నర లక్షల లీటర్ల నీళ్లు కావాలి. హైదరాబాద్‌లో ఇంటికి తెప్పించుకునే 5,000 లీటర్ల ట్యాంకర్లు 110. తెరవాలంటే అడుగున్నర దాకా ఉండాలి, అదీ లిఫ్ట్ పైనుంచి కింద దాకా ఎక్కడా తెగకుండా. వాగులోంచి ఎంత తోడాలో హద్దు ఉంది, చల్లటి గంటలు కొన్నే. అందుకే ఉన్న గన్‌లన్నీ ఒకే దారికి గురిపెడతారు. ఆ నీళ్లలో చాలా భాగం వేసవి మొదట్లో కరిగి మళ్లీ వాగులోకే పోతుంది. బోరు ఎండిపోతే ఇంట్లో ఎట్లా ఉంటుందో తెలిసినోణ్ని, ఆ ఒక్క విషయం కనుక్కున్నాకే ఈ పని మీద నాకు మనసు కుదురుకుంది.

రెండో ఏడు జరిగింది ఒకటి చెప్తా. ఆ రోజుల్లో అన్నీ స్క్రీన్ మీదే తెలుస్తాయనుకునేవాణ్ని. రాత్రి రెండింటికి అక్కడి షిఫ్ట్ పెద్దాయన నన్ను బయటికి పిలిచి, గన్ కింద ముప్పై అడుగుల దూరంలో నిలబెట్టి, చెయ్యి చాపమన్నాడు. నల్ల జాకెట్. తుంపర వచ్చి మోచేతి మీద పడుతోంది. సగం రవ్వలు తగిలి ఎగిరి పోతున్నాయి, సగం అతుక్కుని నెమ్మదిగా తడి మరకలవుతున్నాయి. ఆయన టార్చ్ వేసి చూసి, నీళ్ల వాల్వ్ పావు మలుపు తగ్గించాడు. ఒక నిమిషం ఆగి మళ్లీ చెయ్యి చాపమన్నాడు. ఈసారి దాదాపు అన్నీ రవ్వ గింజల్లా చిటపటమని ఎగిరిపోయాయి, గుడ్డ పొడిగా ఉంది. మా అమ్మ పాకం తీగ వచ్చిందా లేదా అని రెండు వేళ్ల మధ్య చూసేది, అట్లా ఉంది ఆయన చూపు. ఆ రాత్రే నావల్ల ఒక తప్పు జరిగింది. నేను ప్యానెల్ నుంచి ఒక లైన్ ఆపాను గానీ, గొట్టంలో మిగిలిన నీళ్లు వంచేయమని పైనున్నవాళ్లకు చెప్పలేదు. పది నిమిషాల్లో గొట్టం వెదురుబొంగులా బిగుసుకుపోయింది. ఇద్దరు కుర్రాళ్లు దాన్ని విడదీసి, భుజాన వేసుకుని, వాలు మీద జారుతూ పంపుహౌసు వెచ్చదనంలోకి మోసుకొచ్చారు. ఒక్క మాట అనలేదు నన్ను. అప్పట్నుంచి లైన్ ఆపే ముందు రేడియోలో రెండుసార్లు చెప్పి, వాళ్ల నోటితో విన్నాకే బటన్ నొక్కుతా.

పిల్లల గురించి. గన్ స్నో ఆరు రెక్కల పువ్వు కాదు, గుండ్రటి చిన్న చిన్న మంచు గింజలు, కాబట్టి గట్టిగా దగ్గరపడుతుంది. రాత్రి బిగిసి పొద్దున తొమ్మిదికి రాజుగారు చెప్పినట్టే గచ్చులా ఉంటుంది. పదిన్నర దాటాక పైపొర మెత్తబడుతుంది. క్లాసు అప్పటినుంచి తీసుకోండి. నేర్చుకునేవాళ్లకు నిజానికి సమంగా, గట్టిగా ఉన్న నేలే మేలు, మోకాలి లోతు మెత్తటి స్నోలో పిల్లలు కాలు కూడా తిప్పలేరు. ప్రమాదమల్లా ఒకే దారిలో వేగంగా దిగేవాళ్లూ వీళ్లూ కలవడం. అందుకే ఫోన్ చేసి ఒక్కటే అడగండి: "నేర్చుకునేవాళ్ల చోటు విడిగా తెరిచారా?" తెరవలేదంటే ఆ రోజు పిల్లల్ని పెద్ద దారి మీదికి తీసుకెళ్లొద్దు, నామాట వినండి. హెల్మెట్ తప్పనిసరి.

నవంబర్ 6 గురించైతే ఇప్పుడే తేల్చుకోకండి. 5వ తేదీ రాత్రి దాకా రోజూ లెక్క కట్టండి. వెట్ బల్బ్ 22 కంటే కిందికి పోయిన రాత్రులు వరుసగా నాలుగైదు వస్తే నేనైతే ఉంచుకుంటా.


వైజాగ్_వాన:

మంచి వివరణ బ్రదర్. రెండు సందేహాలు. మేం న్యూజెర్సీ నుంచి పోయిన డిసెంబర్‌లో పెన్సిల్వేనియాలోని పోకొనోస్ కొండలకు వెళ్లాం. కారులో 30 డిగ్రీలు చూపిస్తోంది, గన్‌లన్నీ మాత్రం ఆగిపోయి ఉన్నాయి. డబ్బులు మిగుల్చుకోవడానికి ఆపారనుకుని చాలా కోపం వచ్చింది. మీరు చెప్పిందాన్ని బట్టి అది తేమేనా? రెండోది, ఆ నీళ్లలో ఏదో బ్యాక్టీరియా కలుపుతారని విన్నా. మా బాబు స్నో కనిపిస్తే నోట్లో పెట్టుకుంటాడు.


బోరుబావి:

తేమే అయి ఉంటుంది. మబ్బు పట్టి 95 శాతం తేమ ఉన్న రోజున 30 డిగ్రీలంటే వెట్ బల్బ్ కూడా 30కి ఒక మెట్టే కింద. ఆవిరయ్యే చోటు గాలిలో లేదు. మీ వైజాగ్‌లో ఉతికిన బట్టలు రెండు రోజులైనా ఆరవు చూడండి, అదే. మీకు దగ్గర్లోనే ఇంకో పోలిక ఉంది. లంబసింగిలో గడ్డి మీద తెల్లగా పేరుకునేది మబ్బూ గాలీ లేని రాత్రుల్లోనే, చల్లగాలి బరువుగా జారి పల్లంలో నిలబడిపోవడం వల్ల. ఇక్కడి లోయల్లోనూ అంతే. అలాంటి రాత్రి కొండ కింద గన్‌లు హాయిగా నడుస్తాయి, అక్కడికి రెండు వేల అడుగుల ఎత్తున వెచ్చగా ఉండి ఆపేయాల్సి వస్తుంది. కొండెక్కే కొద్దీ చల్లబడుతుందన్న లెక్క ఆ రాత్రుల్లో పనికిరాదు.

బ్యాక్టీరియా సంగతి నిజమే, కానీ భయపడేంత లేదు. శుభ్రమైన నీటిని మరీ చిన్న చుక్కలు చేస్తే సున్నా సెల్సియస్ దగ్గర గడ్డకట్టదు, పట్టుకోవడానికి ఏదో ఒక నలుసు దొరకాలి. నలుసే లేకపోతే మైనస్ 30 సెల్సియస్ దాటాక కూడా నీళ్లుగానే ఉండగలదు. సూడోమొనాస్ సిరింగే అనే బ్యాక్టీరియా ఆకుల మీద బతుకుతుంది, దాని ఒంటి మీది ప్రొటీన్ మంచు గడ్డకట్టడానికి అచ్చులా పనికొస్తుంది. 1970లలో విస్కాన్సిన్‌లో మొక్కజొన్న ఆకులు మంచుకు ఎందుకు మాడిపోతున్నాయో వెతుకుతుంటే బయటపడింది. పంటకు చేటు చేసిన గుణమే ఇక్కడ పనికొచ్చింది. స్నోమ్యాక్స్ పేరుతో అమ్మే పొడిలో ఆ బ్యాక్టీరియాను చంపేసే ఇస్తారు. కొన్ని కొండలు వాడతాయి, కొన్ని వాడవు. బాబును స్నో తిననివ్వకండి, అయితే దానికి కారణం ఈ పొడి కాదు. ఆ నీళ్లు చెరువువి, తాగేందుకు శుద్ధి చేసినవి కావు.

అడగకపోయినా ఒకటి చెప్పాలనిపిస్తోంది. ఈ గన్ పుట్టింది 1950లో, కనెటికట్‌లో. వేన్ పియర్స్, ఆర్ట్ హంట్, డేవ్ రిచీ అని స్కీలు తయారుచేసేవాళ్లు ముగ్గురు. ఆ శీతాకాలం స్నో సరిగా పడక స్కీలు అమ్ముడుపోలేదు. పెయింట్ కొట్టే కంప్రెసర్‌కు తోటలో నీళ్లు పట్టే గొట్టం తగిలించి చూశారు. కరువొస్తే ఏదో ఒకటి కనిపెట్టే రైతుల్ని చూసి పెరిగినందుకేమో, ఆ ముగ్గురంటే నాకు చాలా ఇష్టం.


ఖమ్మం_కోడలు:

తమ్ముడూ, ఇంత ఓపికగా రాసినందుకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. మా మామయ్య రిటైర్డ్ లెక్కల మాస్టారు. మీ మూడో వంతు లెక్క చదివి వినిపించాను, అంతే, నోట్‌బుక్ తీశారు. ఇప్పుడు రోజూ రాత్రి గంట గంటకూ రాస్తున్నారు. మూడు రాత్రులు 24, 21, 19 వచ్చాయి.

పెద్దవాళ్ల గురించి అడగడం మరిచాను. అత్తమ్మకు 66, బీపీ మాత్ర వేసుకుంటారు. అంత ఎత్తులో ఇబ్బంది అవుతుందా? డెన్వర్‌లో దిగి కారు అద్దెకు తీసుకుంటాం.


బోరుబావి:

మామయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ లెక్క సుమారుదేనని కూడా చెప్పండి, ఒక డిగ్రీ అటూ ఇటూ ఉంటుంది.

కీస్టోన్ అడుగు భాగమే 9,280 అడుగులు, తిరుమల కొండకు సుమారు మూడింతలు. బయల్దేరే ముందు డాక్టర్‌ను ఒకసారి అడగండి. వీలైతే మొదటి రాత్రి డెన్వర్‌లోనే మీ చెల్లెలింట్లో ఉండి మర్నాడు ఎక్కండి. నీళ్లు బాగా తాగించండి, మొదటి రోజు మెట్లు ఎక్కువ ఎక్కనివ్వకండి. తలనొప్పి, వాంతులు ఎక్కువైతే ఆలోచించకుండా కిందికి దిగేయడమే.

కారు ఫోర్ వీల్ డ్రైవ్ లేదా ఆల్ వీల్ డ్రైవ్ తీసుకోండి. ఐ-70 హైవే మీద మారిసన్ నుంచి డాట్‌సెరో దాకా సెప్టెంబర్ 1 నుంచి మే 31 వరకు టైర్ల రూల్ ఉంది. టైరు గాడుల లోతు అంగుళంలో పదహారింట మూడు వంతులైనా ఉండాలి. అద్దె కౌంటర్ దగ్గరే వంగి టైర్లు చూడండి, అరిగి ఉంటే వేరే బండి అడగండి.

అత్తమ్మ చేత్తో పట్టుకునే స్నో కోసం గన్‌ల దాకా పోనక్కర్లేదు. కీస్టోన్ నుంచి ఆరాపహో బేసిన్ మీదుగా లవ్‌లాండ్ పాస్‌కు ఇరవై నిమిషాల పైన పడుతుంది. 11,990 అడుగులు. నవంబర్ చివరికి అక్కడ రోడ్డు పక్కనే అసలైన స్నో మామూలుగా ఉంటుంది. దారి తెరిచి ఉందో లేదో చూసుకుని, మధ్యాహ్నం వెళ్లండి. గాలి కోస్తుంది, ఐదు నిమిషాలు నిలబడి కారెక్కేయండి. అదీ రెండో రోజో మూడో రోజో, ఒళ్లు అలవాటు పడ్డాకే.


ఖమ్మం_కోడలు:

నవంబర్ 5. నిన్న రాత్రి మామయ్య నోట్‌బుక్‌లో 17. వరుసగా ఐదో రాత్రి. బుకింగ్ ఉంచేస్తున్నాం. పిల్లల చోటు గురించి ఫోన్ చేశాను. మా తేదీలకల్లా తెరవాలని చూస్తున్నారట, ముందు రోజు మళ్లీ చేయమన్నారు. తెరవకపోతే వాళ్లను స్నో మీద జారే స్లెడ్ల మీద ఆడించి తీసుకొచ్చేస్తాం.

ఈ పొద్దున కెమెరాలో చార వెంబడి పెద్ద పెద్ద దిబ్బలు కనిపిస్తున్నాయి, మా వైపు కళ్లంలో ధాన్యం రాశులు పోసినట్టు. చదును చేసే బండి పక్కనే ఉంది, కదలట్లేదు. అత్తమ్మ "వాటిని పరవకుండా అలా వదిలేశారేంటే" అని అడుగుతున్నారు. నాకూ తెలియలేదు.


బోరుబావి:

అత్తమ్మగారు సరిగ్గా రాశులే చూశారు. కొత్తగా చేసిన దిబ్బలో ఇంకా గడ్డకట్టని తడి ఉంటుంది. వెంటనే బండి ఎక్కిస్తే అదంతా అదుముకుని అట్టకట్టిపోతుంది. ఒకట్రెండు రోజులు అలాగే వదిలేస్తే నీళ్లు అడుగుకు దిగిపోయి పైన గింజ ఆరుతుంది. నూర్చిన గింజను ఆరనిచ్చాక గాదెకెత్తినట్టు, అప్పుడు పరుస్తారు. రేపో ఎల్లుండో తెల్లవారుజామున నాలుగింటికి కెమెరా పెట్టి చూడమనండి, బండి దీపాలు కనిపిస్తాయి.